ఆరు జతల చేతితొడుగులు

కెజియా మొండిదని ఊళ్ళో పేరు. చేపలు ఎండబెట్టే గట్టుమీద పుట్టి, పదేళ్ళకే ఉప్పుకి అరచేతులు పగిలిన మనిషి మెత్తగా ఎలా ఉంటుంది? ఆ పేరు పెట్టినవాళ్ళలో ఒక్కడూ ఆ గట్టుమీద ఒక పూట నిలబడి ఎరగడు.

బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న ఆ రేవులో బహిష్కారం మొదలై రెండో ఏడు నడుస్తోంది. అమెరికా ఇంకా ఇంగ్లండు పాలనలో ఉన్న రోజులు. గాజుమీదా, కాగితంమీదా, టీమీదా లండన్ దొరలు పన్ను వేశారు. అది ఎత్తేసేదాకా ఇంగ్లండు సరుకు ముట్టబోమని ఊరు సంతకాలు చేసింది. కెజియా మొగుడు జేబెజ్, పీపాలు చేసేవాడు, మొదటి పదిమందిలో ఉన్నాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో టీ లేదు. అడవి ఆకులేవో మరగబెట్టి, మొహం చిట్లించుకుని తాగారు.

మార్చిలో జేబెజ్ జ్వరంతో పోయాడు.

శవాన్ని మోయడానికి అక్కడ నోటితో పిలవరు. ఆరుగురి ఇళ్ళకు తలా ఒక జత చేతితొడుగులు పంపుతారు. అవి వేసుకుని వచ్చినవాడు మోస్తాడు. తిప్పిపంపడమంటే చచ్చినవాడి మొహాన ఉమ్మడమే. కెజియా పెట్టెలో ఆరు జతల తెల్లతోలు తొడుగులున్నాయి. ఎప్పుడో తన చావుకని కొని దాచుకున్నవి. ఇంగ్లండువే. పాతవే కదా అనుకుని పంపింది.

మధ్యాహ్నానికి ఆరూ ఒక బుట్టలో తిరిగొచ్చాయి. తెచ్చినవాడు కెప్టెన్ థర్లో. మూడు ఓడలున్నవాడు, బహిష్కార సంఘం పెద్ద, మోయాల్సిన ఆరుగురిలో ఒకడు.

"ఏం పనమ్మా ఇది? జేబెజ్ సంతకం పెట్టినవాడు. అతని చావుకే ఇంగ్లండు తోలు పంచుతావా?"

"కొని నాలుగేళ్ళయింది కెప్టెన్ గారూ. అప్పటికి మీ ఒప్పందమే లేదు."

"ఎప్పుడు కొన్నావో చూసేవాళ్ళకేం తెలుస్తుంది?"

"మొన్న ప్రార్థనకి మీ ఆవిడ వేసుకొచ్చిన పట్టుగౌను ఎక్కడిదో?"

"అది పాతది!"

"అబ్బో! మీ ఇంట్లో ఉంటే పాతది, మా ఇంట్లో ఉంటే ద్రోహమా?"

థర్లో మొహం కందగడ్డయింది. "నోరు తగ్గించు. ఇవి సంఘానికి అప్పగించి, తప్పయిందని రాసి సంతకం పెట్టు. పత్రికలో వేయిస్తాం. అప్పుడు ఒట్టి చేతులతో వచ్చి మోస్తాం."

"రాయకపోతే?"

"ఒక్కడూ రాడు."

"ఆయన శవాన్ని అడ్డం పెట్టుకుని నాచేత సంతకం లాగుతావా? గడప దిగు."

అతను వెళ్ళాక జేబెజ్ చెల్లెలు డోర్కస్ ఏడ్చింది. "రెండు ముక్కలేగా వదినా, రాసి పారెయ్యి. అన్నయ్యని మట్టిచెయ్యాలా వద్దా?"

"చేద్దాం. నీకూ నాకూ చేతులు లేవా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ శవపెట్టెను చేపలు మోసే కొయ్యబల్ల మీదికి ఎక్కించారు. ముందు కెజియా, వెనక డోర్కస్. వీధికి రెండువైపులా మగాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. టోపీ తీయడానికి చేతులు వచ్చాయి. బల్ల పట్టడానికి రాలేదు. "లండన్ దొరసాని" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. మిట్టమీద మూడుసార్లు దింపారు. మూడుసార్లూ వాళ్ళే ఎత్తారు.

గోతిలోకి దించడానికి తాళ్ళకు నాలుగు కొసలు. గొయ్యి తవ్వినవాడితో కలిపి మనుషులు ముగ్గురు. అంతదాకా దూరంగా నడిచొచ్చిన థర్లో ముందుకొచ్చి నాలుగో కొస పట్టుకున్నాడు.

"వదులు," అంది కెజియా.

"పెట్టె ఒరిగిపోతుందే!"

"ఒరగనీ. వదులు."

వదిలాడు. పెట్టె తలవైపు ఒరిగి, గోతి అంచుకు గీసుకుంటూ దిగింది. డోర్కస్ కళ్ళు మూసుకుంది. కెజియా చూస్తూనే ఉంది. అలాగే మట్టి వేశారు.

మళ్ళీ చలికాలం రాకముందే, ఒక్క టీమీద తప్ప పన్నులన్నీ పోయాయి. ఊరు ఒప్పందాన్ని గాలికొదిలేసింది. అందరికన్నా ముందు నిండింది థర్లో గోదాము. కెజియా మాత్రం బతికినన్నాళ్ళూ ఇంగ్లండు సరుకు కొనలేదు. ఆ ఊళ్ళో ఇంకెవరి శవం వెనకా నడవలేదు.