నాలుగు చుక్కలు

పాపక్క కిందపడినది ఏదీ తీయదు. చెంచా జారితే కాలివేళ్ళతో గోడవారకు నెట్టి, భర్త దేవరాజ్ వచ్చేదాకా అక్కడే వదిలేస్తుంది. మూడేళ్ళ కిందట నీళ్ళ బిందె ఎత్తబోతే నడుములో టక్కుమన్న చప్పుడు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది. నొప్పి రోజూ ఉండేదే. ఆ చప్పుడు మళ్ళీ వస్తే ఇక మంచమేనని ఆమె భయం. మహదేవపురలో ఆ వీధంతా పొద్దున్నే వంగి ముగ్గులేస్తుంటే, ఆమె వాకిట్లో మాత్రం ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గు ఉండేది.

ఆసుపత్రిలో కౌన్సెలర్ నేత్రావతి ఆ స్టిక్కరు పీకించింది. "స్కానింగు బాగుండాది పాపక్కా. వంగితే నొస్తాది, అంతేగానీ విరిగేదేమీ లేదు. రోజూ ఒక్క చుక్క పెట్టండి. వారానికి ఒకటి పెంచండి." పాపక్క గేటు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెమటలు కక్కుతూ పెట్టేది. అలా నాలుగో వారానికి నాలుగు చుక్కలయ్యాయి.

ఆ శుక్రవారం వీధికుక్క ఒకటి చుక్కను తొక్కింది. "ఛీ, పో!" అంటూ పాపక్క వంగి దిద్దేసింది. దిద్దాక చూసుకుంటే చెయ్యి గేటు మీద లేదు. ఊపిరి బిగబట్టి చప్పుడు కోసం చూసింది. రాలేదు. నడుము ఎప్పటిలాగే సలుపుతోంది.

ఆమె వంగే ఉండటం చూసి దేవరాజ్ పరుగున వచ్చాడు. "చెయ్యియ్యి, లేపుతా."

"ఉండప్పా," అంది. "ఎట్లాగూ వంగినా కదా."

ముగ్గుపిండి తీసుకుని మొదటి చుక్క నుంచి గీత లాగింది. వంకరపోయింది గానీ, రెండో చుక్కను చేరింది.