డానియల్ అన్నకు డొల్లగా వినిపించిన గిటారు

అది 2017. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన వారం. ఊరిగాంలో, కోలారు బంగారు గనుల కాలంనాటి క్వార్టర్స్ వరసల చివర నాకొక చిన్న కొట్టు ఉంది. బోర్డు మీద ‘మోటార్ రీవైండింగ్’ అని ఉంటుంది. అంటే కాలిపోయిన మోటారులోని పాత రాగితీగ విప్పేసి కొత్తది చుట్టడం. మాది గౌనిపల్లి, రాగులూ మామిడీ పండించే ఇల్లు. నాకు మట్టి అచ్చిరాలేదు. గనుల వర్క్‌షాపులో ఈ పని నేర్చుకున్నాను, గనులు మూతపడ్డాక ఈ కొట్టు పెట్టుకున్నాను. బోర్డు మోటార్లదే కానీ, సగం పని గిటార్లది.

మోటార్లు చుట్టేవాడికి గిటార్లతో ఏం పని అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అనే చిన్న దిమ్మ ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ, వేల చుట్లు. పైన తీగ కదిలితే ఇందులో కరెంటు పుట్టి స్పీకరుకు పోతుంది. చుట్లు పెరిగితే గొంతు లావవుతుంది, తగ్గితే పదునెక్కుతుంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ గలగలలాడుతుంది, వెనకాల కాస్త రొద పెడుతుంది. రెండు చుట్టలు జతచేసిన హంబకర్ ఆ రొదను మింగేసి గుండ్రంగా పలుకుతుంది. పెడల్ అంటే కాలితో నొక్కే పెట్టె. గిటారుకూ స్పీకరుకూ మధ్య కూర్చుని శబ్దం రంగు మారుస్తుంది. మా విద్య ఇంతే, మిగిలిందంతా ఓపిక.

గనులు నడిచిన రోజుల్లో మా వైపు గిటారు లేని వరస ఉండేది కాదు. శనివారం సాయంత్రం ఆ ఇళ్ళ మధ్య నడిచిపోతుంటే ఒక వాకిట్లో తమిళ పాట, ఇంకో వాకిట్లో ఇంగ్లీషు పాట, ఆ పక్కన తెలుగు కీర్తన వినిపించేవి. వారమంతా భూమి కింద దుమ్ము మింగినవాళ్ళే ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చిలో వాయించేవారు. డానియల్ అన్న ఆ తెల్లచొక్కాలవాళ్ళలో ఒకడు. చర్చిలో పాటలు పాడే కొయిర్ పక్కన, కిటికీ దగ్గర కుర్చీ ఆయనది. దాదాపు నలభై ఏళ్ళుగా అందులో ఇంకెవరూ కూర్చోలేదు.

గనిలో ఆయన పని వేరు. మొదట రాయి తొలిచే డ్రిల్లు పట్టాడు, తర్వాత కప్పు తట్టే పనికి మారాడు. పేలుడు అయ్యాక అందరికన్నా ముందు లోపలికి పోయి, పొడుగాటి ఇనుప కడ్డీతో పైన రాతికప్పును తట్టి వింటారు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే వదులైంది, ఎప్పుడైనా మీద పడుతుంది, కింద దుంగలు నిలబెట్టాలి. ఆ మనిషి డొల్ల అన్నాడంటే డొల్లే. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ చెవికి ఎదురు చెప్పడు. మేమందరం ఆ అలవాటులోనే పెరిగాం. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ వారం డానియల్ అన్న తన గిటారును నా బల్ల మీద పెట్టి, ఈ మూడేళ్ళుగా దీని గొంతు చచ్చిపోతోంది అన్నాడు. కొయిర్ పాడేటప్పుడు తనకే వినపడటం లేదట. తనకే వినపడనిది చివరి బెంచీవాళ్ళకు ఏం వినపడుతుంది అని ఆయన బాధ. ఒక తీగ మీటి, “ఇను రమణప్పా. లోపల ఏదో వదులైపోయుండాది. డొల్ల కప్పు మాదిరి మోగతా ఉండాది” అన్నాడు.

నా చెవికి బాగానే ఉంది. అయినా నేనెవణ్ణి? వందలమంది ఆ చెవిని నమ్మి పనికి దిగారు. నేను నోరు మూసుకుని స్క్రూడ్రైవర్ తీశాను. చుట్లు తగ్గించి పదునైన సింగిల్ కాయిల్ ఒకటి చుట్టి పెట్టాను. వాల్యూమ్ పాట్, అంటే శబ్దం పెంచే బుడిపె, సన్నని స్వరాలను ఎక్కువ వదిలే రకానికి మార్చాను. అదీ చాలదంటే బెంగుళూరు నుంచి ట్రెబుల్ బూస్టర్ తెప్పించాను. అది పైస్వరాలను మాత్రం ఎగదోసే పెడల్. నొక్కి వాయించేసరికి నా పళ్ళు జివ్వుమన్నాయి. ఎదురుగా టీకొట్టు అతను తల బయటికి పెట్టి చూశాడు. డానియల్ అన్న మాత్రం కళ్ళు మూసుకుని, “ఇప్పుడు కొంచెం ప్రాణం వచ్చినాది” అన్నాడు. కస్టమర్ సంతోషపడితే పని అయినట్టే అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బుద్ధి తక్కువ పని.

ఆ తర్వాతి సోమవారం ఆయన కూతురు స్టెల్లా వచ్చింది. స్కూల్లో టీచరు, చర్చి కొయిర్ నడిపేది కూడా ఆమే. కుర్చీలో కూర్చుని చెప్పింది, నిన్న ఆరాధనలో చంటిపిల్లలు ఏడ్చారట, పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారట. ఒకరిద్దరైతే లేచి బయట నిలబడ్డారు. ఈస్టర్ నుంచి ఆయన్ను బెంచీలో కూర్చోమని చెప్పాలని కమిటీవాళ్ళు ఆమెకే అప్పగించారు. కొయిర్ ఆమెది, తండ్రి ఆమె తండ్రి. కక్కలేక మింగలేక ఉంది పాపం.

“అంకుల్, ఆ కుర్చీ లేకపోతే డాడీకి ఆదివారమే లేదు. మీరే ఏదైనా చేసి సౌండ్ తగ్గించండి. ఆయనకి మాత్రం తెలియకూడదు” అంది.

తెలియకూడదు అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. పెద్దాయన మనసు నొప్పించకుండా పని జరిగిపోతే పుణ్యమే కదా అనుకున్నాను. ఒకసారి సరిచూడాలని డానియల్ అన్నను పిలిపించి, గిటారు లోపల బఠాణీ గింజంత కెపాసిటర్ ఒకటి అతికించాను. అది పైస్వరాలను స్పీకరు దాకా పోనీయకుండా పక్కదారి పట్టిస్తుంది. లోపల ఒక తీగ అతుకు ఊడిపోయింది, టాంకా వేశాను అని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆ ఆదివారం చర్చిలో పిల్లలు ఏడవలేదు. స్టెల్లా ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది.

బుధవారం పొద్దున డానియల్ అన్న గిటారు పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టలేదు, గోడకు ఆనించాడు. ఎవరైనా నేర్చుకునేవాళ్ళు ఉంటే ఇచ్చేయమన్నాడు.

“ఇది చచ్చిపోయింది రమణప్పా. నువ్వు చేయాల్సిందంతా చేసినావు. చచ్చినదాన్ని పట్టుకొని చర్చిలో కూర్చునేది బాగుండదు. ఈ ఆదివారం నుంచి నేను పోను.”

కుర్చీ కాపాడదామని నేను చేసిన పనే ఆయన్ను కుర్చీలోంచి లేపేసింది. ఆ పెట్టె తీసుకుని ఊరుకోవడం చాలా సులువు. కమిటీకీ తలనొప్పి తీరేది, స్టెల్లాకూ చెప్పే బాధ తప్పేది. కానీ గోడకు ఆనించిన పెట్టె మీది నుంచి ఆయన చెయ్యి తియ్యలేదు. అది చూసి, ఒక్క నిమిషం కూర్చో అన్నా అన్నాను.

నా దగ్గర పాత ఆసిలోస్కోప్ ఉంది. శబ్దాన్ని పచ్చగీతగా చూపించే పెట్టె అది. శబ్దం ఉన్నంతసేపు గీత అలలాడుతుంది, ఆగితే తిన్నగా పడుకుంటుంది. దానికి సెల్‌ఫోన్లో ఒక్కో స్వరాన్నే పలికించే టోన్ కలిపి, స్పీకరుకూ కలిపాను. వినపడినంతసేపు వేలు ఎత్తి ఉంచమన్నాను. లావు స్వరం నుంచి మెల్లమెల్లగా పైకి పోయాను. సగం దారి కూడా పోకముందే ఆయన వేలు దిగిపోయింది. నేను ఆపలేదు. నా చెవుల్లో ఈల మోగుతూనే ఉంది. తెర మీద గీత ఆడుతూనే ఉంది. ఆయన గీతను చూశాడు, నన్ను చూశాడు.

“ఇది మోగతా ఉండాదా?”

“మోగతా ఉండాదన్నా.”

నన్ను ఆపమనలేదు. గీతనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. గనిలో చివరి రెండేళ్ళు ఏ కప్పు తట్టినా ఆయనకు డొల్లగానే వినిపించేదట. ఎక్కడపడితే అక్కడ దుంగలు పెట్టించాడని తోటివాళ్ళు ‘టింబర్ డానియల్’ అని పేరు పెట్టారు. పిరికివాడని నవ్వారు. ఆ నవ్వు ఇన్నేళ్ళూ ఆయన లోపల ఉండిపోయింది.

“కప్పులు గట్టిగానే ఉండె. నా చెవే పోయుండె” అన్నాడు. మళ్ళీ, “పోనీలే. ఎవురి మీదా రాయి పడలే గదా” అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఉన్నట్టుండి ఇటు తిరిగి, పోయిన వారం గిటారులో ఏం చేశావని అడిగాడు. గుమ్మడికాయ దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. కెపాసిటర్ సంగతి, స్టెల్లా వచ్చిన సంగతి, కమిటీ సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“నాకు చెవుడని ఊరంతటికీ తెలిసి, నాకొక్కడికీ తెలియకుండా చేసినారు గదప్పా. చేతగాని ముసిలోణ్ణి చేసి మోసినారు” అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. గిటారు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు నాకు అన్నం సరిగా దిగలేదు. శనివారం తండ్రీ కూతురూ కలిసి వచ్చారు. ఇద్దరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. కోలారులో చెవుల డాక్టరు దగ్గరికి పోయొచ్చామని, డ్రిల్లు చప్పుడుతో పోయిన చెవులు తిరిగి రావని చెప్పాడని స్టెల్లా అంది. మాటలు వినపడటానికి చెవికి మిషన్ పెట్టుకోవచ్చట. డానియల్ అన్న సూటిగా పనిలోకి దిగాడు.

“నాకు వినపడేది ఒకటి, చర్చిలో వినపడేది ఒకటి. చర్చిది స్టెల్లా చెప్తాది. ఆయమ్మ చెప్పినట్టు పెట్టు.”

ఈసారి చాటుమాటు లేకుండా ముగ్గురం కలిసి చేశాం. దొంగ కెపాసిటర్ ఆయన కళ్ళముందే పీకేశాను. గిటారు మెడ దగ్గర హంబకర్ చుట్టి పెట్టాను. ఖాళీ చర్చిలో ఆయన వాయిస్తుంటే స్టెల్లా ముందు బెంచీ నుంచి చివరి బెంచీ దాకా నడుస్తూ, ఇంకొంచెం తగ్గించండి, ఇంకొంచెం, చాలు అంటూ వచ్చింది. అక్కడే టోన్ బుడిపెను బిగించేశాను. తర్వాత స్ప్లిటర్ పెట్టాను. గిటారు నుంచి వచ్చేదాన్ని రెండు దారులు చేసే పెట్టె అది. ఒక దారి చర్చి స్పీకరుకు. రెండోది ఈక్యూ పెడల్లోంచి, అంటే ఏ స్వరాన్ని ఎంత పెంచాలో విడివిడిగా దిద్దే పెడల్లోంచి, ఆయన చెవిలో ఇయర్‌ఫోన్‌కు. డాక్టరు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, ఆయనకు పోయిన స్వరాలను అందులో మితంగా పెంచాను. ఆయన ఒక తీగ మీటి, తల పక్కకు వాల్చి, మళ్ళీ మీటాడు. “ఆఁ” అన్నాడు. అంతే.

ఈస్టర్ ఆరాధనకు నేనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. ఏ చంటిపిల్లా ఏడవలేదు. ఆయన కిటికీ పక్కన, తన కుర్చీలో, తెల్లచొక్కాలో ఉన్నాడు. మరో నాలుగేళ్ళు ఆ కుర్చీ ఆయనదే.

ఆ రోజు నుంచి ఎవరు గిటారు తెచ్చినా ముందు విప్పను. ఎవరు వాయిస్తారు, ఎవరు వింటారు అని అడుగుతాను. వీలైతే ఇద్దరినీ కూర్చోబెడతాను. చెవి మీద గౌరవం వేరు, చెవిని పరీక్షించడం వేరు. నిజం దాచి మనిషిని కాపాడుతున్నాం అనుకోవడం గౌరవం కాదు, ఆయన్ను లెక్కలోంచి తీసేయడం. ఇది నాకు ఏ వర్క్‌షాపులోనూ చెప్పలేదు.

ఆ ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక డానియల్ అన్న జనంలోంచి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. బాగా వాయించావన్నా అనబోయాను. ఆయన నన్ను మాట్లాడనీయలేదు.

“రెండో చరణంలో తప్పు కొట్టినానంట. అందరి ముందర స్టెల్లా నన్ను తిట్టింది రమణప్పా” అన్నాడు. “ఎన్నేండ్లయిందో నా బిడ్డ నన్ను తిట్టి.”