సదానందం వేసిన ముడి

ముందే చెప్తున్నాను, ఇది పెద్ద కథ. ఇందులో అడవి ఉంది, పొంగిన వాగు ఉంది, ముగ్గురు స్నేహితులున్నారు, ఆ ముగ్గురిలో ఒక ద్రోహి ఉన్నాడు. హిమాలయాలు కూడా వస్తాయి.

నిజానికి అంత లేదు. ఒక సంచి పట్టీ తెగింది. అంతే. హిమాలయాలు కూడా నేను ఆడిన అబద్ధంలోనే ఉన్నాయి.

కానీ ఆ పట్టీని నేను ఏళ్లుగా మోస్తున్నాను. సంచి పోయింది, పట్టీ పోయింది, బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లతో నేనెలా ఉంటానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

డెబ్భైల చివర్లో సంగతి. నేను, యాకూబ్, సదానందం ఒకే కాలేజీ. మాది వరంగల్ బజారులో గిన్నెల దుకాణం, అందుకే వాళ్లకు నేను సేటును. యాకూబ్ వాళ్లు హసన్‌పర్తిలో వ్యవసాయం చేసేవాళ్లు. సదానందం వరంగల్‌లోనే కాశిబుగ్గవాడు. వాళ్లింట్లో ముందుగది మగ్గానిది, మిగిలిన చోటు మనుషులది. పగలు కాలేజీకి వచ్చి, సాయంత్రం హన్మకొండలో ఒక ఫొటో స్టూడియోలో డార్క్‌రూం పని చేసేవాడు. పెళ్లిళ్లకు వెళ్లి ఫొటోలు తీయాలని వాడి కోరిక. ఆ ఒక్క కోరికే.

ఒకరోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఇద్దరు విదేశీయులను చూశాం. తలకంటే ఎత్తు సంచులు వీపున వేసుకుని, ఎండలో ఏ తొందరా లేకుండా నడుస్తున్నారు. ఆ సంచుల్లో ఇల్లు మొత్తం ఉందని యాకూబ్ తేల్చాడు. అప్పటినుంచి మాకూ ఇల్లు వీపున వేసుకోవాలనిపించింది. నర్సంపేట నుంచి అడవి దారిన పాకాల చెరువు దాకా నడవాలని నిర్ణయించుకున్నాం. బస్సు పోయే చోటికి నడిచి పోవడం ఏమిటని మా బాపు అడిగాడు.

సామాన్లు కొనే పని నాకప్పగించారు. దుకాణంలో పుట్టినవాణ్ని కదా, సరుకు తెలుస్తుందని. ముగ్గురం డబ్బులు పోగేశాం. సికింద్రాబాదులో మిలిటరీవాళ్లు వదిలేసిన సామాన్లు అమ్మే దుకాణాలుండేవి. దుకాణం సరుకు కోసం బాపుతో వెళ్లినప్పుడు అవన్నీ కొనుక్కొచ్చాను. మూడు సంచులు, మూడు నీళ్ల సీసాలు, రెయిన్‌కోట్లు, ఒక టార్పాలిన్, ఒక కిరోసిన్ స్టవ్వు. మిలిటరీవాళ్లు వీటిని ఎందుకు వదిలేశారని మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చి డాబా మీద పరిచి చూసుకున్నాను. మూడో సంచి పట్టీని బొటనవేలి గోరుతో గీకాను. పొడి రాలింది. మళ్లీ గీకాను. మళ్లీ రాలింది. దారం లోపల కుళ్లిపోయింది. పైకి మాత్రం ఆకుపచ్చగా, హుందాగా ఉంది.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? డబ్బులు పోయాయని కాదు. సరుకు తెలిసినవాడిననే పేరు పోతుందని. ఆ వయసులో నాకున్న ఆస్తి ఆ పేరొక్కటే. అందులోనూ సగం బాపుది.

ఇక్కడ మా దుకాణంలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. సొట్టపడ్డ గిన్నె వస్తే బాపు దాన్ని వేరే పెట్టేవాడు. కొత్తవాళ్లు అడిగితే ఇచ్చేవాడు కాదు. బాగా తెలిసినవాళ్లు వచ్చేదాకా ఆగేవాడు. ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"చెడ్డ పీసు తెలిసినోనికే ఇయ్యాలె బిడ్డా. తెల్వనోడు రోడ్డు మీద నిలబడి లొల్లి పెడ్తడు. తెలిసినోడు మొహమాటపడి ఇంట్ల పెట్టుకుంటడు."

ఇంట్లో ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. వ్యాపారమనుకున్నాం. యాకూబ్‌ది నోరు పెద్దది. సదానందానికి మొహమాటం. మూడో సంచి ఎవరికి వెళ్లాలో నేను ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు. చెయ్యి తనంతట తనే అటు వెళ్లింది. లేదు, ఇది కూడా అబద్ధమే. ఆలోచించాను. డాబా మీద చాలాసేపు కూర్చుని ఆలోచించాను.

బయల్దేరే రోజు పొద్దున మా దుకాణం అరుగు మీద సంచులు పంచాను. స్టూడియో యజమాని సదానందానికి ఒక కెమెరా ఇచ్చి పంపాడు. అడవి ఫొటోలు బాగా తీసుకొస్తే వచ్చే సీజన్ నుంచి పెళ్లిళ్లకు పంపిస్తానన్నాడు. వాడు ఆ కెమెరాను తువ్వాలులో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు సంచిలో పెట్టాడు. భుజానికి తగిలించుకోబోతే బకిల్ ఆగలేదు. పైపట్టీ, కిందిపట్టీ విడిపోతున్నాయి.

"సేటూ, బకిల్ నిలుస్తలేదురా. పట్టీ జారుతాంది," అన్నాడు.

"ముడి వెయ్యి. మీ ఇంట్ల నేర్పలేదా?"

నవ్వి రెండు పట్టీలను కలిపి ముడి వేశాడు. మగ్గం మీద పోగు తెగితే అతికే ముడి. గుంజినకొద్దీ బిగుస్తుంది. వేశాక పట్టీని వేళ్ల మధ్య నలిపి చూశాడు. నేను నా సంచి భుజాన వేసుకున్నాను.

"పట్టీ మంచిదేనారా? కెమెరా నాది కాదు."

"హిమాలయాలు ఎక్కొచ్చిన పట్టీ ఇది. నీ అసొంటోళ్లను నలుగుర్ని మోస్తది. ఫికర్ చేయకు."

"నువ్వు చూసినవా?"

"నేను చూడకుంట తెస్తనా?"

"గట్లైతే సరే," అన్నాడు.

చూడండి, ఆ చివరి మాటలో అబద్ధం లేదు. చూశాను. చూశాను కాబట్టే నా భుజానికి వేరే సంచి ఉంది.

నర్సంపేటలో బస్సు దిగి నడక మొదలుపెట్టాం. ఊళ్లు దాటుతుంటే మిలిటరీ సంచులతో వస్తున్న మమ్మల్ని చూసి కొందరు తలుపులు వేసుకున్నారు. అడవి మొదలయ్యేసరికి నా కొనుగోళ్లు ఒక్కొక్కటే అసలు రంగు చూపించాయి. నీళ్ల సీసాలో నీళ్లు తాగితే తుపాకీ నాకినట్టుంది. స్టవ్వు పొగ తప్ప ఏమీ ఇవ్వలేదు. వాన పడింది. రెయిన్‌కోటు వానను లోపలికి రానిచ్చింది, బయటికి మాత్రం పోనివ్వలేదు. టార్పాలిన్ గురించి చెప్పను, చనిపోయినవాళ్లను నిందించకూడదు. ప్రతిదానికీ నేనొక జోకు వేశాను. వాళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. తిట్టాల్సిన చోట నవ్వించడం నాకు చేతనైన విద్య. కానీ నా కళ్లు మాత్రం సదానందం భుజం మీదే ఉన్నాయి. వాడు సంచి సర్దుకున్న ప్రతిసారీ నేను ఒకడుగు వాడికి దగ్గరగా జరిగాను. ఒక్కమాట, "సంచి మార్చుకుందాం" అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. జోకు రూపంలో బయటికొచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు.

వాగు దగ్గరికొచ్చాం. నీళ్లు మోకాళ్ల పైకి ఉన్నాయి, ఎర్రగా, వేగంగా. యాకూబ్ ముందు దాటాడు. సదానందం మధ్యలో. నేను వెనక. వాడు ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదకు కాలు చాపాడు. బట్ట చింపినట్టు చిన్న చప్పుడు. నీళ్ల హోరులో అది నాకొక్కడికే వినబడిందేమో. దాని కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నవాణ్ని నేనొక్కణ్నే కదా. సంచి రాయికి కొట్టుకుని నీళ్లలో పడింది.

నేనే ముందు అందుకున్నాను. పట్టీ ముడికి కాస్త పైన తెగింది. ముడి చెక్కుచెదరలేదు. తడిసి ఇంకా గట్టిపడి, గోలీకాయలా ఉంది. తప్పు పట్టీదేనని ఎవరు చూసినా తెలిసిపోతుంది. వాళ్లిద్దరికీ నా వీపే కనబడుతోంది. ముడి కింద పట్టీని పట్టుకుని లాగాను. ఎంత తేలికగా ఊడొచ్చిందంటే, దానికీ ఆ నిజం వదిలించుకోవాలని ఉన్నట్టుంది. ముడిని వాగులో వదిలేశాను. ఇప్పుడు సంచికి రెండు కొసలు మిగిలాయి. మధ్యలో ఏమీ లేదు, ముడి జారి విడిపోయినట్టే ఉంది.

"ఏమైందిరా?" అని యాకూబ్ అవతలి గట్టు మీద నుంచి అరిచాడు.

"మగ్గం కింద పుట్టినోనికి ముడి వెయ్యరాలేదు," అన్నాను.

యాకూబ్ నవ్వాడు. సదానందం నవ్వలేదు. కెమెరాను తువ్వాలులోంచి తీసి తలకిందులు చేశాడు. నీళ్లు కారాయి. లెన్సు పగిలింది. వాడు కెమెరా వంక చూడలేదు, తన చేతుల వంక చూసుకున్నాడు.

"సరిగ వెయ్యలేదేమోరా," అన్నాడు, మెల్లగా.

ఆ మాట కోసమైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకు? ఇన్నేళ్లూ ఆ గట్టు మీద నన్ను నేను నిలబెట్టి అడుగుతూనే ఉన్నాను. భయమా? భయమైతే వాడు అలా అన్నప్పుడు నాకు అంత హాయిగా ఊపిరెందుకు ఆడింది? తన తప్పని వాడే ఒప్పుకున్నాక నా పని తేలికైంది. సొట్టగిన్నెను మొహమాటంతో ఇంట్లో పెట్టుకున్నాడు. బాపు చెప్పింది చెప్పినట్టు జరిగింది.

తిరిగొచ్చాక వాడితో స్టూడియోకి వెళ్లాను. నిజం చెప్పడానికే వెళ్లాను, ఈ ఒక్కటి నమ్మండి. యజమాని పగిలిన కెమెరాను బల్ల మీద పెట్టుకుని ఏం జరిగిందని అడిగాడు. సదానందం తువ్వాలు మడతపెడుతూ నిలబడ్డాడు. నేను మొదలుపెట్టాను. తుపాకీ నాకిన నీళ్లు, పొగ స్టవ్వు, లోపల వాన పడే రెయిన్‌కోటు. ఆయన మొదట బిగుసుకుని కూర్చున్నాడు. తర్వాత పెదవి కదిలింది. తర్వాత పడీ పడీ నవ్వాడు. నవ్వుతున్నాడంటే వదిలేసినట్టేనని నాకనిపించింది. ఆ ఊపులో మగ్గం, ముడి మాట కూడా అనేశాను. ఆయన కళ్లు తుడుచుకుని, ఇంకా నవ్వు ఆగకుండానే అన్నాడు:

"ముడి వెయ్యరానోని చేతికి పెండ్లి ఎట్ల అప్పజెప్పాలె? ఫొటో పోతే పెండ్లి మళ్ల చేస్తరా?"

అంతే. మర్నాటి నుంచి రావద్దన్నాడు. నేను ఇంకో జోకు వెతికాను. దొరకలేదు.

ఆ మాట మాకన్నా ముందు కాశిబుగ్గ చేరింది. బాగున్న జోకు కదా, ఎవరూ దాచుకోలేదు. కొన్నాళ్లకు వాళ్ల నాన్న మా దుకాణానికొచ్చాడు. గిన్నె ఏదో అడిగాడు కానీ, గిన్నె వంక చూడలేదు.

"బిడ్డా, నువ్వు ఎన్కనే ఉన్నవట కదా. ముడి నిజంగ జారిందా? వానికి ఆ ముడి నేర్పింది నేను."

బాపు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటున్నాడు.

"నీళ్ల జోరుల కనపడలేదు కాకా," అన్నాను.

ఆయన తలూపాడు. నమ్మినట్టు కాదు, ఇక అడగననట్టు. ఆ ఏడాదే సదానందం చదువు మానేసి, వాళ్ల చిన్నాయన వెంట భీవండి పవర్‌లూమ్‌లలో పనికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నన్ను కలవడానికి వచ్చాడు. నన్ను తప్పుపడతాడేమోనని మాట తప్పించి నవ్వించాను. నవ్వాడు. మంచివాడు.

ఇప్పుడు నేనే దుకాణం చూసుకుంటున్నాను. బాపు ఇంటిపట్టునే ఉంటున్నాడు. సొట్టగిన్నెలు వస్తూనే ఉంటాయి. వాటినిప్పుడు కరిగించుకోమని కంచరికి అమ్మేస్తున్నాను. ఇది నా గొప్పతనమని రాయడం లేదు. గొప్పతనమే అయితే ఆ రోజు వాగు దగ్గర పనికొచ్చేది.

వాడు నన్ను క్షమిస్తాడా? తెలియదు. అడిగే హక్కుందా? అదీ తెలియదు. యాకూబ్‌కు చెప్తే రెండు రోజులు తిట్టి మూడోరోజు మామూలుగా మాట్లాడతాడు. అందుకే వాడికి చెప్పలేదు, అంత చవకగా తేలిపోవడం నాకిష్టం లేదు. ఇదంతా రాస్తుంటే నాలో ఏదో మంచితనం పుడుతుందని ఆశపడ్డాను. పుట్టలేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఒక వాక్యం జోకు లేకుండా రాయగలిగాను. ఇదీ ఆ వాక్యం: ముడి జారలేదు, పట్టీ కుళ్లిందని తెలిసే నేను సదానందానికి ఇచ్చాను.

రాశాక ఒకసారి పైకి చదువుకున్నాను. అంతకుమించి ఏమీ కాలేదు.

మొన్న కాజీపేట స్టేషన్‌లో అడిగాను. భీవండికి నేరుగా బండి లేదట. కల్యాణ్‌లో దిగి బస్సెక్కాలి.