అక్క చేతిలో మోగని వెదురు

నా చిన్నప్పుడు మా అక్కను చూస్తే నాకు కడుపు మండేది. ఆమెకు నడుము దాటిన జడ, నాకు ఎలుక తోక. అమ్మ ఏ పని చెప్పాలన్నా ముందు ఆమె పేరే పిలిచేది. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను గానీ, పక్కింటి దోర్ల తెగ తాత ఆమెకు వెదురు పిల్లనగ్రోవి చేసిచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అది నోటితో ఊదేది కాదు. చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే ఈల వేసినట్టు మోగేది. ఇప్పపూలు రాలే రోజుల్లో మా పామేడు అడవిలో ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. ఆ మోత వింటే అవి తప్పుకుంటాయని మా నమ్మకం. వాగు అవతలి ఇప్పచెట్టు మా ఇంటిది. నాన్న కూలికి పోయేవాడు, చంటివాడితో అమ్మ కదలలేకపోయేది, కాబట్టి తెలతెలవారుతుండగా పూలేరడానికి అక్క ఒక్కతే వెళ్లేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నా కళ్లు ఆ వెదురు మీద తాత కాల్చి దిద్దిన గీతల మీదే ఉండేవి.

ఒక పొద్దున అక్క గంప సర్దుకుంటుంటే, ఆ గొట్టంలో తడిమన్ను కూరాను. ఆమె చూసుకోకుండానే వెళ్లిపోయింది.

కాసేపటికి తాత వచ్చి నన్ను వాకిట్లోకి పిలిచాడు. "నాకు చెవులు సరిగ ఇనపడ్తలేవు బిడ్డా. నీయి లేత చెవులు. అక్క వెదురు మోగంగనే నాకు చెప్పు" అని, పక్కనే కూర్చుని కత్తి నూరుకోసాగాడు.

నిలబడ్డాను. కోళ్లు, ఉయ్యాల కిర్రుమనడం, దూరంగా ఎవరిదో గొడ్డలి, అన్నీ వినిపించాయి. అదొక్కటే వినిపించలేదు. అమ్మ రెండుసార్లు బయటికొచ్చి, "ఏందే, ఇంక మోగలేదా?" అంటూ వాగు వైపు చూసింది. మూడోసారి ఆమె ముఖం చూడలేక, "నేనే మన్ను కూరిన తాతా" అని ఏడ్చేశాను.

"ఎరికే. నువ్వు కూరంగ చూసిన. మా పెద్దోడు అక్క ఎనకనే పోయిండు, ఏడ్వకు" అన్నాడు. అమ్మకూ ముందే చెప్పాడట. ఆ మహాతల్లి అంత నటన ఎక్కడ నేర్చిందో.

ఆ రోజుతో నా అసూయ పోయిందంటే అబద్ధం. అక్క ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఉంటుంది. ఈ వయసులోనూ కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుందని విని మొన్న కూడా కుళ్లుకున్నాను. ఆ మన్ను కూరింది నేనేనని ఆమెకు నేటికీ చెప్పలేదు. కానీ రోజూ పొద్దున్నే ఆమె నాకు ఫోన్ చేస్తుంది. అది ఒక్కరోజు రాకపోతే ఆ కుళ్లంతా ఎటు పోతుందో, నాకు ముద్ద దిగదు.