జీడిసొన తినేసిన వేలిముద్ర

కిందటేడు ఇంటర్ పరీక్షలయ్యాక ఎంసెట్‌కి ఎలా చదవాలో ప్లాను వేసుకున్నాను. పొద్దున్న చదువు, మధ్యాహ్నం నుంచి అమ్మతో కూర్చుని జీడిపిక్కలు కొట్టడం. మా ఉద్దానంలో అది పిక్కల కాలం మరి.

పరీక్ష రోజు టెక్కలిలో గేటు దగ్గర మిషను మీద నా వేలిముద్ర పడలేదు. పిక్కలు కొడితే చిమ్మే జీడిసొనకి వేళ్ల తోలు ఊడిపోయింది. ఒక్కో వేలూ మార్చి పెడుతున్నాను. గేటు మూసే టైమైపోతోంది.

"ఏటైనాది తల్లీ, లోపలికి ఎల్లవేటి?" అని బయట అమ్మ అరుస్తోంది. నేను ఏడ్చేశాను. ఆఖరికి ఎడమ చిటికెనవేలు పడింది.

ఈ ఏడు చెల్లి ఎంసెట్‌కి ప్లాను వేసుకుంటుంటే అమ్మ ఒకటే మాట అంది.

"సదువు ఎప్పుడైనా మొదలెట్టు. పిక్కల జోలికి మాత్రం రాకు."

నల్లబడిన తన వేళ్లతో పిక్కలు కొడుతూనే అంది.