నల్లబట్టల చిలక

మా అన్నయ్యను నాటకశాలలో అందరూ చిలక అనేవాళ్లు. గూట్లో కూర్చుని పలుకులు అందించేవాడు కదా, అందుకు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. ముప్ఫై ఒక్కేళ్లు ఆ గూట్లోనే గడిపాడు. వేదిక ముందు అంచున, నేలలోకి సగం దిగిన చెక్కపెట్టె అది. జనం వైపు మూత, నటుల వైపు సందు. లోపల ఒక పీట, ఒక చిన్న బల్బు, నాటకం రాతప్రతి, మా అన్నయ్య. ఎంత ఇరుకంటే, తుమ్మితే నుదుటికి బొప్పి కట్టేది.

మాట అందించడమంటే గుసగుసలాడటం అనుకుంటారు చాలామంది. గుసగుస చివరి వరుస దాకా పాకుతుంది. అన్నయ్య లోగొంతుతో, నటుడు ఊపిరి తీసుకునే సందులో మొదటి రెండు మాటలు వదిలేవాడు. అవి ఆ నటుడి చెవి దాటిపోయేవి కావు. మిగతా వాక్యం నటుడు అందుకునేవాడు. చప్పట్లూ అతనే అందుకునేవాడనుకోండి, అది వేరే సంగతి.

నేను అక్కడే దుస్తుల గదిలో కుట్టుపని చేసేదాన్ని. మా ఆయన పెద్ద వేషాలు వేసేవారు. మా సంబంధం కుదిర్చింది అన్నయ్యే. తను మాత్రం పెళ్లీ గిళ్లీ లేకుండా మా ఇంట్లోనే ముందుగదిలో మంచం వేసుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవాళ్లు. అన్నయ్య గూట్లో ఉన్నాడంటే మా ఆయనకు వెయ్యేనుగుల బలం.

ఆ రోజుల్లో నాటకం పద్ధతే వేరు. నటుడు వేదిక అంచు దాకా వచ్చి, ఛాతీ విరిచి, జనం మొహాల్లోకి చూస్తూ దంచేయాలి. ఏడిస్తే వీధిలో పోయేవాడు ఆగి వినాలి. మా ఆయన అందులో దిట్ట.

అలాంటి మనిషికి మూడేళ్ల కిందట మాటలు జారిపోవడం మొదలైంది. ఒకరోజు పొద్దున్నే చెప్పుల జత చేత్తో పట్టుకుని, "ఇవి ఎక్కడ వేసుకుంటారే?" అని నన్నడిగారు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అన్నయ్యకు చెబితే తలొంచుకున్నాడు. "నాకు ఏడాది నుంచీ తెలుసమ్మాయ్. నాటకం మొత్తం నేనే చెప్తున్నా, బావ నా వెనకాలే అంటున్నాడు. నువ్వు బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు."

వేదిక దిగితే ఆ మనిషి చొక్కా గుండీల దగ్గర కూడా తడబడేవారు. వేదికెక్కి, అన్నయ్య గొంతు చెవినపడితే చాలు, మళ్లీ మా ఆయన అయిపోయేవారు. వేషాలు పోయిన మర్నాడే ఆయన నాకు దక్కకుండా పోతారని భయం. అందుకే ఆ గుట్టు నేనూ అన్నయ్యా కడుపులో దాచుకున్నాం.

సరిగ్గా అప్పుడే కొత్త డైరెక్టరమ్మ దిగింది. నాలుగు దేశాలు తిరిగి, నాలుగు రకాల నాటకాలు చూసొచ్చిన మనిషి. చెడ్డదని అనను, పనిలో మాత్రం రాక్షసి. వచ్చిన రోజే గూడు మూయించేసింది. "నటుడికీ జనానికీ మధ్య ఈ పెట్టె ఏంటండీ?" అంది. ఆ సాయంత్రం అన్నయ్య తన పీట ఇంటికి తెచ్చుకుని వంటింట్లో పెట్టాడు.

మా పాత నాటకాన్నే ఆమె కొత్తగా ఆడిస్తానంది. సొంత కొడుక్కి శిక్ష వేసిన న్యాయమూర్తి కథ అది. న్యాయమూర్తి వేషం మా ఆయనదే. గుంపు వేషాలు మొహానికి తొడుక్కునే కొయ్య ముఖాలు ఒక దేశానివి, తేలుతున్నట్టు వేసే అడుగు ఇంకో దేశానిది, మాట ఒక్కటే మనది. అతుకుల బొంత అని నేను మూతి తిప్పుకున్నాను గానీ, చూస్తే ఒళ్లు జలదరించింది. అబద్ధం ఆడటమెందుకు?

వాటన్నిటికంటే వింత, నల్లబట్టల మనుషులు. "సముద్రాల అవతల వందల ఏళ్లుగా ఉన్న పద్ధతి ఇది," అని ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "వాళ్లు వేదిక మీదే తిరుగుతారు. కుర్చీ జరుపుతారు, ఉత్తరం అందిస్తారు, కర్ర చివర దీపం కట్టి నటుడి మొహం దగ్గర పట్టుకుంటారు. నలుపు వేసుకున్నవాడు లేనట్టే లెక్క. మీరు చూడకపోతే జనమూ చూడరు."

ఆ పాడు ఆలోచన నాకే తట్టింది. ఎవరినీ అనడానికి లేదు.

"అన్నయ్యా, దీపం పట్టేది నువ్వైతే ఆయన చెవి పక్కనే ఉంటావు," అన్నాను.

"నలుగురి ముందుకి నేనా? గూటి మనిషినమ్మాయ్, కాళ్లు వణుకుతాయి."

"నిన్నెవరు చూస్తారు? చూడకూడదనే కదా ఆవిడ గోల!"

కాసేపు గోళ్లు చూసుకున్నాడు. "గుండె నీరసంగా ఉంది, బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. బావకి చెప్పకు."

"దీపమేం బరువు అన్నయ్యా?"

"సర్లే," అన్నాడు. నేనడిగితే కాదన్న రోజు ఒక్కటి లేదు ఆ పిచ్చి మారాజుకి.

గూడు పోయిన మనిషి కదా అని డైరెక్టరమ్మ దీపం పని అన్నయ్యకే ఇచ్చింది. ఆ నల్లబట్టలు నా చేత్తోనే కుట్టాను. చెమట మరక కనపడకూడదని రెండు పొరల గుడ్డ, తలకు ముసుగు, ముసుగు ముందు నల్ల వల. ఇక సాధన. ఎవరి కన్ను నల్లబట్టల వైపు తిరిగినా నాటకం మొదటి మాట నుంచి మళ్లీ మొదలు. కూతురి వేషం వేసే అమ్మాయి ఒకసారి అన్నయ్య కాలు తొక్కి "అయ్యో, సారీ" అంది. అంతే, ఆ పూటంతా మళ్లీ మొదటికి. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఉండటానికి ఇరవై రోజులు పట్టింది మా వాళ్లకి. మా కుట్టు గది వైపు ఎవరూ చూడకుండా ఉండటానికి ఏ సాధనా అవసరం రాలేదు మరి! ఇరవై రోజుల తర్వాత నిజంగానే అందరి చూపూ అన్నయ్య మీంచి జారిపోయేది. అద్దాల ముందు రంగు తుడుచుకునేటప్పుడు కూడా అతనితో మాట్లాడటం మానేశారు. అన్నయ్య నవ్వేవాడు. "గూట్లో ఉన్నప్పుడే నయం, కనీసం తట్టి పలకరించేవాళ్లు."

మా ఆయన ఒక్కరే కుదురుకోలేదు. దీపం వచ్చినప్పుడల్లా చిరునవ్వు నవ్వేవారు. పాత్రలో లీనమయ్యారని డైరెక్టరమ్మ మెచ్చుకుంది. మేం బతికిపోయాం.

ప్రదర్శనలు మొదలైన మూడో వారం, ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు కిటకిటలాడుతోంది. రెండో అంకం అయ్యాక అన్నయ్య పక్కతెర వెనక్కి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ముసుగెత్తితే మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎడమ చెయ్యి పట్టేసిందమ్మాయ్. ఊపిరాడట్లేదు."

అవతల మా ఆయన కుర్చీలో కూర్చుని, "మన వేషం అయిపోయిందా?" అని అడుగుతున్నారు. నేను అన్నయ్య నుదురు తుడిచాను, నీళ్లు పట్టాను. "ఇంకొక్క అంకమే కదా అన్నయ్యా. ఈ ఒక్కటీ కానిచ్చేయ్," అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది. అతను తలూపి ముసుగు దించుకున్నాడు.

అంకం సగంలో కర్ర చివర దీపం వణకడం చూశాను. అన్నయ్య మోకాళ్ల మీదికి దిగాడు. కర్రను జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. తర్వాత పక్కకు ఒరిగిపోయాడు. అలా పడి ఉండి కూడా రెండు మాటలు అందించాడు. మా ఆయన ఆ వాక్యం చెప్పారు. మళ్లీ రెండు. అదీ చెప్పారు.

కూతురి వేషం అమ్మాయి అన్నయ్యను చుట్టుకుని నడిచింది, కళ్లు దించకుండా. కొయ్య ముఖాల గుంపు రెండుగా చీలి అటూ ఇటూ వెళ్లి మళ్లీ కలిసింది. ఇంకో నల్లబట్టలాయన వచ్చి దీపం కర్ర అందుకుని లేచాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

తెర లాగే ఆయన నా పక్కనే ఉన్నాడు. "ఎవరో పడినట్టున్నారు, దించెయ్యనా?" అన్నాడు మెల్లగా.

తెర దించితే కారణం చెప్పాలి. మా ఆయన నోటి మాట ఎవరిదో బయటపడుతుంది. "వద్దు, లేస్తాడు. ఆగండి," అన్నాను. కత్తెర చేత్తో పట్టుకుని, నాలుగడుగుల దూరంలో, నేనే అన్నాను.

తర్వాత మాటలు అందలేదు. మా ఆయన ఆగిపోయారు. ఆయన చుట్టూ చూశారు. ఇరవై రోజులు నేర్పింది ఆయనకు గుర్తుంటే కదా! తిన్నగా వెళ్లి నేల మీద కూర్చున్నారు.

"బావా, ఇక్కడ పడుకున్నావేంటి? లే బావా, చల్లగా ఉంది," అంటూ ముసుగు లాగారు.

జనం చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి మరీ కొట్టారు. అప్పుడు పడింది తెర.

డాక్టరొచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ఆయన స్టెతస్కోపు తీసి, "పడిపోయి ఎంతసేపైంది?" అని అడిగాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కూతురి వేషం అమ్మాయి భోరుమంది. "చూళ్లేదండీ. నిజంగా నాకు కనపడలేదు." దీపం అందుకున్నాయన అదే అన్నాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు.

డాక్టరు నా వైపు తిరిగాడు. పదకొండు నిమిషాలు. ఆ నాటకంలో ఏ మాటకు ఎంతసేపో నాకు తెలుసు.

"నేను లోపల ఉన్నానండీ. చూళ్లేదు," అన్నాను. తెర లాగే ఆయన తల వంచుకున్నాడు గానీ పెదవి విప్పలేదు.

మొహాన రంగుతో, అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్న మా ఆయన తలెత్తారు. "అదేంటే? నువ్వు అక్కడే నిలబడ్డావుగా, కత్తెర పట్టుకుని. బావ పడినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు."

డైరెక్టరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "పట్టించుకోకండమ్మా, ఆయనకి మతి సరిగ్గా లేదని ఇవాళే అర్థమైంది మాకు," అంది. డాక్టరు కూడా సరేనని తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను అవునన్నాను.