మునిరత్నం కారు దీపాలు

1981లో, దసరా దాటిన కొత్త. చిత్తూరులో మా నాయన నడిపే ఆటో ఎలక్ట్రికల్ షాపు లారీలు ఆగే రోడ్డు పక్కన ఉండేది. ముందు వైపు రేకుల కప్పు వేసిన జాగా, కార్లు, వ్యాన్లు ఆపి పని చేసేది అక్కడే. దాని పక్కన చెక్కల అడ్డుగోడ, ఆ చెక్కల వెనక నేను. డిగ్రీ అయిన దగ్గర్నుంచి నా పని ఆర్మేచర్ వైండింగ్. కారు నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టించేది డైనమో. దాని లోపల తిరిగే భాగం ఆర్మేచర్. అది కాలిపోతే పాత రాగి తీగ విప్పేసి కొత్త తీగను వరుస తప్పకుండా చుట్టాలి. వేళ్ళు సన్నగా ఉండి, ఓపిక ఉంటే చాలు. ఎవరితోనూ మాట్లాడే అవసరం లేదు. నాయన నాకు ఆ పని నేర్పింది అందుకే. డ్రైవర్లు వచ్చిపోయే చోట పెళ్ళి కావలసిన పిల్ల కనపడకూడదని ఆయన పట్టుదల. నాకూ కొత్తవాళ్ళ ముందు నోరు పెగిలేది కాదు. ఆ చెక్కల వెనక నాకు బాగానే ఉండేది, వసంత వదిన వచ్చేదాకా.

వసంత వదిన మా మేనత్త కూతురు, సత్యవేడు మనిషి. నాకంటే కొంచెం పెద్దది. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త కామెర్లతో పోయాడు. నాయన వెళ్ళి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాడు. కొన్నాళ్ళకు ఆమె చేతికి టెస్ట్ ల్యాంప్ ఇచ్చి కార్ల దగ్గర నిలబెట్టాడు. టెస్ట్ ల్యాంప్ అంటే రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు, కరెంటు ఎంతవరకు వస్తున్నదో వెతకడానికి వాడేది.

"ఆడమనిషిని రోడ్డు మింద నిలబెడితివే" అని మా అమ్మ అన్నం దగ్గర అడిగింది.

"దానికి ఎవురుండారు? రేపు దాని కూడు అది తినల్ల గదా" అన్నాడు నాయన. "మన పాపకేమి, ఒకింటికి పొయ్యేది."

భర్త పోయిన మనిషిని చూసి అసూయ పడతారా అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. నేను పడ్డాను. ఆమె బతుకు చూసి కాదు, ఆమె చేతులు చూసి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆమె చేతులకు మోచేతుల దాకా నల్లటి మరకలుండేవి. నావి పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉండేవి. నాయన ఆమెను "వసంతా, ఇట్రా" అని రోడ్డు దాకా వినపడేట్టు పిలిచేవాడు. నన్ను పిలవాల్సి వస్తే గొంతు తగ్గించేవాడు. ఆ పెద్ద గొంతు నాకెప్పుడు దక్కుతుందా అని చెక్కల సందులోంచి చూస్తూ తీగ చుట్టేదాన్ని.

నా దగ్గర ఉన్నదల్లా చదువే. లైబ్రరీలో నవలలు అయిపోయాక, ఎవరూ ముట్టని ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని కూడా నవల చదివినట్టే చదివాను. షాపులో అటక మీద పడి ఉన్న వోల్ట్‌మీటర్‌ని తుడిచి, ఎవరూ లేనప్పుడు బ్యాటరీల మీద కొలిచి చూసుకునేదాన్ని. నాయన ఆ మీటర్‌ని నమ్మేవాడు కాదు. ఆయనకు టెస్ట్ ల్యాంప్ వెలిగితే చాలు.

ఆ రోజు నాయన సామాన్లకు మద్రాసు పోతూ చెప్పిన మాట ఇది: "బండేదన్నా వస్తే వసంత సూసుకుంటాది. పాపా, నువ్వా వైండింగ్ ముగించు."

మధ్యాహ్నం మునిరత్నం తన పాత నల్ల అంబాసిడర్ తీసుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళకూ తిరుపతి యాత్రలకూ బాడుగకు తిప్పుకునే కారు అది. ఆ కారే ఆయన ఇంటిని పోషించేది.

"వసంతమ్మా, కారుకు ఆముదం దీపాలు పెట్టినట్టుండాది" అన్నాడు. "నిన్న రేయి పూతలపట్టు దాటినాక, ఎద్దుల కొమ్ములు బానెట్ కాడికి వచ్చేదాకా బండి ఉండాదనే తెలీలేదు."

"కండ్లు మూసుకోని తోల్తా ఉంటివేమో అన్నా."

"నా కండ్లు బాగుండాయి. వీటివే పోయినాయి. మాపిటికి పెండ్లోళ్ళను తిరపతికి తోలుకోని పోవల్ల. పిలకాయలు, ముసిలోళ్ళు అందరూ ఉండారు. ఏదో ఒకటి సెయ్యి తల్లీ."

వదిన బ్యాటరీ కొసలు విప్పి, గీకి, బిగించింది. డైనమో చూసింది. టెస్ట్ ల్యాంప్ పెడితే తెల్లగా వెలిగింది. కరెంటు వస్తున్నదని బల్బులు మార్చింది. కారుని కప్పు కింద నీడలో వెనక గోడకేసి నిలబెట్టి లైట్లు వేసింది. గోడ మీద పసుపుపచ్చ మరకలు రెండు, అంతే. మళ్ళీ మొదటి నుంచీ అంతా చూసింది. మళ్ళీ అంతే.

నేను చెక్కల సందులోంచి చూస్తున్నాను. తప్పు ఎక్కడుండవచ్చో నాకు తోచింది. కరెంటు బ్యాటరీ నుంచి బల్బుకు వైరులో వస్తుంది. తిరిగి బ్యాటరీకి పోయే దారి కారు బాడీనే. ఆ దారినే ఎర్త్ అంటారు. అక్కడ పట్టు సరిగా లేకపోతే బల్బుకు చేరవలసిన బలం దారిలోనే పోతుంది. టెస్ట్ ల్యాంప్ ఆ సంగతి చెప్పదు. వదిన దాని రెండో వైరును ఇంజను ఇనుముకు తగిలించింది. అసలు ఎర్త్ ఉన్న చోటును అది ముట్టనే లేదు. లైట్లు వెలుగుతుండగా బల్బు దగ్గర మీటర్ పెట్టి కొలిస్తేనే బయటపడుతుంది.

వదినను లోపలికి పిలిచి చెవిలో చెప్పవచ్చు. చెబితే ఆమె వెళ్ళి చేస్తుంది. రేపు నాయన ఆమెనే మెచ్చుకుంటాడు. నేనే వెళ్ళి చెప్పాలంటే మునిరత్నం ముందు నిలబడాలి. రెండూ నా వల్ల కాలేదు. తీగ చుట్టడం ఆపేసి అట్లాగే కూర్చున్నాను.

"సర్లేమ్మా, పొద్దుపోతా ఉండాది. ఇట్లనే పోతా, నిమ్మళంగా తోల్తా" అని మునిరత్నం లేచి తలుపు తెరిచాడు.

పిల్లలు, ముసలివాళ్ళు అని ఆయన అన్న మాట గుర్తొచ్చింది. మీటర్ పట్టుకుని బయటికి వచ్చాను. ఆయన ముఖం చూడలేక కారు బానెట్‌తో చెప్పాను: "కొంచెం ఆగండి. ఎర్త్ చూడాల."

మునిరత్నం సగం ఎక్కినవాడు దిగాడు. "ఈ పాపకి మాటలొస్తాయా? ఇన్నాళ్ళూ మూగదనుకొనుంటినే."

"వస్తాయన్నా. మనతో మాట్లాడల్లంటే మనకూ ఇంగ్లీసు రావల్ల" అంది వదిన.

నా చెవులు కాలిపోయాయి. అయినా మీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులు, బల్బు దగ్గర తొమ్మిది. మీటర్ రెండో వైరుని ఎర్త్ స్క్రూ మీదనుంచి తీసి నేరుగా బ్యాటరీ కొసకు తగిలిస్తే ముల్లు పన్నెండు దగ్గరికి లేచింది. అంటే వచ్చే దారి బాగానే ఉంది, తిరిగిపోయే దారిలోనే తప్పు. ఎర్త్ స్క్రూ విప్పితే దాని కింద నున్నటి నల్ల రంగు. కారుకు మొన్న ఆయుధ పూజ ముందు కొత్తగా రంగు వేయించారట. పెయింటరు లైట్లు ఊడదీసి, రంగు కొట్టి, ఆ రంగు మీదే స్క్రూ బిగించేశాడు. గరుకు కాగితంతో ఇనుము తేలేదాకా రుద్ది మళ్ళీ బిగించాను. రెండో వైపూ అంతే. లైటు వేస్తే బల్బులోని తీగ చూడలేనంత తెల్లగా వెలిగింది.

"ఏమ్మే, ఇంత తెలిసిపెట్టుకోని లోపల కూసోనుంటివా?" అంది వదిన.  నాయన ఇక్కడ లేడే అనుకున్నాను నేను.

ఆ సంతోషం గోడ వైపు తిరిగేదాకానే. బల్బులు అంత తెల్లగా వెలుగుతున్నా గోడ మీద పడ్డ వెలుగు పాలిపోయి, ఆకారం లేకుండా పరుచుకుని ఉంది. కొంచెం మెరుగే కాని రాత్రి రోడ్డుకు అది చాలదు. మళ్ళీ కొలిచాను. అంకెలు సరిగానే ఉన్నాయి. ఇంకోసారి కొలిచాను. పుస్తకంలో నేను చదివినదంతా అక్కడికి అయిపోయింది.

వదిన నన్ను పక్కకు జరిపి లైటు అద్దం విప్పింది. బల్బు వెనక గిన్నెలా ఉండేది రిఫ్లెక్టర్. వెలుగును కూడగట్టి ముందుకు తోసేది అదే. దాని మీద వెండి పూత సన్నటి పొరలా ఉంటుంది. వదిన దాన్ని వెలుతురుకేసి వంచి చూసింది. గుండ్రంగా గీతలే గీతలు, మధ్యలో పూత పోయి ఇత్తడి కనపడుతున్నది. ఆమెకు నవ్వొచ్చింది.

"అన్నా, దీన్ని ఎవురు ఇబూదితో తోమినారు?"

మునిరత్నం ముఖం వెలిగింది. "నీకెట్ల తెలుసు? మా ఇంటామె. రంగేసేటప్పుడు ఊడదీసి ఇంట్లో పెట్టింటిమి. ఆయుధ పూజకని ఎండి కుందులతో పాటు ఇయ్యి గూడా తోమింది. తళతళా మెరిసె."

"మెరుస్తాది. మా అత్తగారింట్లో ఎండి సామాను తోమేది నేనే గదా, ఆ గీతలు నాకు తెలీవా. సామానంటే గట్టి ఎండి. ఇది ఉత్త పూత. అక్కయ్య పూతంతా దేవుడికి ఇచ్చేసింది."

నేను మీటర్ పట్టుకుని నిలబడే ఉన్నాను. పుస్తకంలో లేని ఆ విభూతి గీతలను ఆమె చూపుతోనే పట్టుకుంది. అప్పటిదాకా ఆమె చేతిలోని పనిముట్ల మీదే నాకు అసూయ. ఆ క్షణంలో ఆమె తోమిన వెండి గిన్నెల మీద కూడా పుట్టింది.

పాత రిఫ్లెక్టర్లను బాగుచేయలేం. కొత్తవి మద్రాసులో తప్ప దొరకవు. వదిన చెప్పులేసుకుని, లారీల మధ్య నుంచి నడుచుకుంటూ పాత ఇనుము కొట్టుకు పోయింది. ఆ కొట్టాయనతో అరవంలో గట్టిగా వాదులాడడం మాకు ఇక్కడికి వినపడింది. విరిగిన కారు ఒకదాని రిఫ్లెక్టర్లు రెండు కొంగులో చుట్టుకుని వచ్చింది. నేనైతే ఆ రోడ్డు దాటేదాన్ని కూడా కాదు. వదిన వాటిని గుడ్డతో తుడవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. దుమ్ముని నోటితో ఊది, దూదితో మెల్లగా అద్దాలి, అంతే, రుద్దకూడదు. ఆ ఒక్కటి పుస్తకంలో ఉంది.

పొద్దు వాలేసరికి కారుని పక్కనే ఉన్న మామిడికాయల మండీ గోడకేసి నిలబెట్టాం. గోడ మీద సుద్దతో గీత గీశాను. దీన్ని ఫోకసింగ్ అంటారు. వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా రోడ్డు మీద పడేట్టు సరిచేయడం. వదిన స్క్రూలు తిప్పింది, నేను గోడ దగ్గర నిలబడి "పైకి, ఇంకొంచెం కిందికి" అని అరిచాను. అరవడం అని ఎందుకు రాస్తున్నానంటే, ఇంజను చప్పుడులో మెల్లగా చెబితే వినపడదు. సరిచేశాక గోడకున్న ప్రతి ఇటుకా విడివిడిగా కనపడింది.

మరుసటి రోజు పొద్దున నాయన బస్సు దిగి వచ్చేసరికి మునిరత్నం లడ్డుతో షాపు ముందు నిలబడి ఉన్నాడు.

"నీ మేనకోడలు నిన్ను మించిందప్పా. దోవంతా పగలు మాదిరి ఉండె."

నాయన ముఖం విప్పారింది. చెక్కల వెనక నాకు మేనకోడలు అన్న మాట ఒక్కటే వినపడింది.

"మామా, నేను పట్టింది ఇబూదినే" అంది వదిన. "ఎర్తు పట్టింది పాప. మీటరు తీసుకోని బైటికొచ్చింది. అన్నను అడుగు."

"అవునప్పా. మాట్లాడింది గూడా" అన్నాడు మునిరత్నం.

నాయన చెక్కల వైపు చూశాడు. 

"పాపా, వైండింగ్ అయ్యిందా?"

"సగమైంది నాయనా."

"ఊ" అని సంచి విప్పాడు. మద్రాసులో కొన్నవి. గుడ్డలో చుట్టిన కొత్త స్పానర్ల కట్ట వదినకు. చిలకపచ్చ చీర, ఎర్ర అంచుది, నాకు. ఇవన్నీ ఆయనకు ఏమీ తెలియకముందే కొన్నవి. చీర నా చేతుల్లో ఉంది కాని నా కళ్ళు స్పానర్ల మీదే ఉన్నాయి. తల ఎత్తితే, స్పానర్లు చేతిలో పెట్టుకుని వదిన చీర వైపు చూస్తున్నది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె కట్టేవి రంగు లేని చీరలే. నేను స్పానర్లను ఎట్లా చూస్తున్నానో ఆమె అట్లాగే చూస్తున్నది. "నీకు బాగుంటాదిమ్మే" అంది. అని చెయ్యి కొంగుకు తుడుచుకుంది, చీరను మాత్రం ముట్టుకోలేదు.

మధ్యాహ్నం నాయన భోజనానికి పోయాక ఆమె చెక్కల వెనక్కి వచ్చింది. స్పానర్ల కట్ట నా ముందు పెట్టి, "సూడు, కొత్తవి" అంది. తర్వాత చిన్నగా, "ఆ చీర ఒకసారి ఇయ్యవా" అంది. బాగుచేయడానికి వచ్చిన లారీ అద్దం ఒకటి గోడకు ఆనించి ఉండేది. ఆమె చీరను భుజం మీద వేసుకుని అందులో చూసుకుంది. నేను ఒక్కో స్పానర్ తీసి దాని బరువు చూశాను. ఒకరినొకరం చూసుకోలేదు. నాయన చెప్పుల చప్పుడు వినగానే ఆమె పాత మడతల మీదే చీర మడిచింది, నేను స్పానర్లు చుట్టేశాను.

మసక లైట్ల కారు వస్తే ఇప్పుడు ఒక తప్పు దొరకగానే నేను ఆగను. కరెంటు వచ్చే దారి, తిరిగిపోయే దారి, చివరికి వెలుగు పడే గోడ, అన్నీ చూస్తాను. నాయనకు నన్ను బయటికి పిలవడం ఇంకా అలవాటు కాలేదు. వదినే పిలుస్తుంది. "మీటరు తీసుకోని రామ్మే" అని, రోడ్డు దాకా వినపడేట్టు. నాయన వద్దని అనడు.

ఆమె మీద అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. చిలకపచ్చ చీర మాత్రం ఇంతవరకు కట్టలేదు. కడితే ఆమె చూస్తుంది.